పనిముట్టు అసలు ఖరీదు

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో గోల్ ఘర్ సందడిగా ఉండే పేట. అక్కడ ఒక వడ్రంగి ఇంటి వసారాలో, గోడకు కొట్టిన మేకుకు ఒక డ్రిల్లింగ్ మిషను వేలాడుతూ ఉంటుంది. అది పనిచేయదు. పాత ఇనుము వాళ్ళు అడిగినా అతడు దానిని అమ్మలేదు. దాని క్రింద చెక్కపెట్టెలో, నూనెగుడ్డ చుట్టి, మరొక డ్రిల్లింగ్ మిషను భద్రంగా ఉంటుంది. ఆరేళ్ళుగా అతని ఇల్లు గడుస్తున్నది దాని మీదనే. మొదటిది చవకది, రెండవది ఖరీదైనది. ఈ రెండింటి కథ వింటే, ఏది కొనడం లాభమనే ప్రశ్నకు సమాధానం తేలికగా దొరికినట్లే తోస్తుంది. కాని అదే ఇంటి అటకమీద మూడవ యంత్రం ఒకటున్నది. దాని సంగతి కూడా తెలిస్తే ఆ సమాధానం అంత తేలిక కాదని అర్థమవుతుంది.

అతడు శ్రీకాకుళం జిల్లానుంచి మేనమామ వెంట చిన్నతనంలోనే ఓడ ఎక్కి వచ్చినవాడు. పదేళ్ళు మామయ్య దగ్గర పని నేర్చుకొని, స్వంతంగా ఒక ఇంటి పని ఒప్పుకున్నాడు. వంటగది అరలు, రెండు అలమరలు, తలుపులకు బందులు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టి ఉన్నది. తీసుకున్న బయానాలో చాలా భాగం ప్లైవుడ్డుకే అయిపోయింది. మిగిలిన డబ్బుతో ఒక చవక డ్రిల్లింగ్ మిషను కొన్నాడు. చూడడానికి అది ఖరీదైన మిషనుకు ఏమీ తీసిపోదు. పైగా దాని పెట్టెమీద వ్రాసిన వాట్ల సంఖ్య ఎక్కువగానే ఉన్నది.

పదకొండవ రోజున, కాంక్రీటు గోడకు కన్నాలు వేస్తూండగా, మిషనులోనుంచి కమురు వాసన, ఆ వెనుకనే పొగ వచ్చాయి. ఇంటి యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆర్మేచరు కాలిపోయిందనీ, ఆ రకానికి విడిభాగాలు ఇక్కడ దొరకవనీ, తెప్పించే ఖర్చుతో కొత్తదే వస్తుందనీ దుకాణదారు చెప్పాడు. నాలుగు రోజులు పని ఆగింది. చివరకు ఒకరిని బతిమాలి మిషను ఎరువు తెచ్చుకొని ముహూర్తం నాటికి పని పూర్తి చేశాడు గాని, యజమాని ముఖంలో నమ్మకం తిరిగి రాలేదు. ఆ వీధిలో రావలసిన మరి రెండు పనులు అతనికి రాలేదు.

సంగతి విన్న మేనమామ కోప్పడలేదు. “ఎంతెట్టి కొన్నావని కాదురా అల్లుడూ, ఎన్ని కన్నాలు ఏసిందో లెక్కెట్టు” అని మాత్రం అన్నాడు.

ఈ ఒక్క మాటలో పనిముట్ల అర్థశాస్త్రమంతా ఉన్నది. లెక్క వేసి చూద్దాం. చవక మిషను వెల 1,500 రూపాయలనీ, మంచిదాని వెల 4,500 రూపాయలనీ అనుకుందాం. ప్రతి దినం వాడితే మొదటిది ఏడాది, రెండవది ఆరేళ్ళు వస్తుందనుకుందాం. ఆరేళ్ళకు ఆరు చవక మిషన్లు, అనగా 9,000 రూపాయలు. మంచిదానికి మరమ్మతులతో కలిపి 6,000. తేడా 3,000 మాత్రమే, ఏడాదికి 500. ఇది పెద్ద నష్టమేమీ కాదు. కాని చవక మిషను పాడయ్యేది తీరిక వేళ కాదు, పని మధ్యలో. ఆ ఆరేళ్ళలో అయిదుసార్లు ఆగిపోయి, ఆగినప్పుడల్లా మూడేసి రోజుల పని పోతే, రోజుకు 900 రూపాయల చొప్పున 13,500 రూపాయలు పోయినట్లు. అసలు నష్టం మిషను వెలలో లేదు, ఆగిపోయిన దినాలలో ఉన్నది. పోయిన మాటకు వెల కట్టేవారెవరు?

ద్వీపంలో ఈ లెక్క మరింత కఠినం. చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవులు మూడూ ఇక్కడికి ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఓడ ప్రయాణానికే సుమారు మూడు రోజులు పడుతుంది. ఓడ బయలుదేరే రోజు కోసం ఎదురుచూపు వేరే. హైదరాబాదులో సాయంత్రానికి చేతికందే చిన్న బేరింగు ఇక్కడ వారాల మాట కావచ్చు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, ఉప్పుగాలి, చెమ్మ ఇనుమును ఊరికే ఉండనివ్వవు. అందుచేత ఇక్కడ పనిముట్టు కొనేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న “ఎంత?” అన్నది కాదు, “పాడైతే దీనికి సామాను ఇక్కడ దొరుకుతుందా?” అన్నది.

*

చవక మిషను ఎందుకు కాలిపోతుంది? జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఫైన్ సంస్థవారు 1895లో చేతితో పట్టుకొనే విద్యుత్ డ్రిల్లును తయారుచేశారు. అమెరికాలో బ్లాక్, డెక్కర్ అనే ఇద్దరు భాగస్వాములు తుపాకి వంటి పిడి, వేలితో నొక్కే మీట అమర్చిన డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందారు. నేటికీ తీగతో నడిచే డ్రిల్లుల రూపం ఇంచుమించు అదే. లోపల రాగితీగ చుట్టిన ఆర్మేచరు నిమిషానికి వేలకొలది సార్లు తిరుగుతుంది. దానికి విద్యుత్తును అందించేవి రెండు కార్బన్ బ్రష్షులు. ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చేవి పళ్ళచక్రాలు.

వెలలోని తేడా అంతా కంటికి కనబడని ఈ భాగాలలోనే ఉంటుంది. మంచి మిషనులో రాగితీగ తగినంత మందంగా ఉంటుంది. దాని పూత వేడికి ఓర్చుకుంటుంది. ఇరుసు బాల్ బేరింగులమీద తిరుగుతుంది. చక్రాలు గట్టి ఉక్కువి. చవకదానిలో పలుచోట్ల మామూలు బుష్షులు, మెత్తని లోహం ఉంటాయి. పెట్టెమీది వాట్ల సంఖ్య మిషను లాగుకొనే విద్యుత్తును తెలుపుతుంది గాని, చేసే పనిని కాదు. లాగుకొన్నదానిలో ఎంతో భాగం వేడిగా మారిపోతే ఆ సంఖ్య గొప్పతనం పొగ రూపంలోనే బయటపడుతుంది.

అరిగిపోయే వస్తువులు మంచి మిషనులోనూ అరుగుతాయి. తేడా ఏమిటంటే, దానిని తయారుచేసినవాడు ఆ అరుగుదలను ముందే ఊహించి ఉంటాడు. చాలా మంచి మిషన్లలో బ్రష్షుల మూతలు పైకే ఉంటాయి. ఒక స్క్రూడ్రైవరుతో అయిదు నిమిషాలలో మార్చుకోవచ్చు. గోల్ ఘర్ వడ్రంగి చీటీ పాడి కొన్న రెండవ మిషనుకు ఈ ఆరేళ్ళలో బ్రష్షులు నాలుగుసార్లు, బేరింగు ఒకసారి మార్చాడు. ఆ మిషను పాడు కానిదని కాదు, బాగుపడగలదని దానికి విలువ.

ఆ నగరంలోనే చాతం ద్వీపంలో 1883లో స్థాపించిన రంపపు మిల్లు ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు దెబ్బతిని కూడా అది మరల నడిచింది. అటువంటి మిల్లులో రంపం ఎంత ముఖ్యమో, దాని పళ్ళకు పదును పెట్టేవాడూ అంత ముఖ్యం. సేవలేనిచోట ఎంతటి యంత్రమైనా ఇనుపముద్దే.

*

ఇక అటకమీది మూడవ యంత్రం. డ్రిల్లుతో పాఠం నేర్చుకొన్న వడ్రంగి, ఖరీదైనదే మంచిదని తీర్మానించుకొని, కొంత అప్పు చేసి, పేరున్న రందా మిషను ఒకటి కొన్నాడు. పడౌక్ కలపతో తలుపులు చేయాలని అతని ఆశ. ఎర్రని, దృఢమైన ఆ అండమాన్ కలప ఒకప్పుడు ఇళ్ళకు విరివిగా వాడేవారు. కాని అడవుల రక్షణకై 2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతమీద కఠినమైన ఆంక్షలు విధించింది. నేడు అతనికి వచ్చే పనులలో అత్యధికం ప్లైవుడ్డు పనులు. ప్లైవుడ్డుకు చిత్రిక పట్టవలసిన అవసరం అరుదు. ఏడాదికి రెండుసార్లు కూడా ఆ మిషను క్రిందికి దిగదు. కాలిపోలేదు, చెడిపోలేదు, అప్పు మాత్రం వడ్డీతో తీర్చవలసి వచ్చింది. మామయ్య చెప్పిన లెక్కనే వేస్తే, కాలిపోయిన చవక డ్రిల్లుకంటె ఈ మంచి రందాయే అతనికి ఎక్కువ ఖరీదు పడింది.

ఈ సత్యం తయారీదారులకు తెలియనిది కాదు. బాష్ సంస్థ వృత్తిపనివారి పరికరాలకు నీలిరంగు, ఇంట్లో వాడుకొనేవారి పరికరాలకు ఆకుపచ్చ రంగు వేస్తుంది. ఒకే కంపెనీ రెండు రకాలు అమ్ముతున్నదంటే, తక్కువ వెలది మోసమని అర్థం కాదు. రెండు రకాల జీవితాలకు రెండు రకాల పనిముట్లు అని అర్థం. ఏడాదికి నాలుగు పటాలు తగిలించుకొనే గృహస్థుకు 1,500 రూపాయల మిషను పదేళ్ళు రావచ్చు. అతడు 4,500 పెడితే, ఆ 3,000 గూటిలో పడుకొని ఉంటాయి. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, పని కొద్దీ పనిముట్టు.

అయితే ఒక్క విషయంలో ఈ లెక్క చెల్లదు. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో చక్రపు అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెడుతూ ఉంటుంది. చక్రం పగిలితే ముక్క ఎటు వస్తుందో ఎవరు చెప్పగలరు? అందుచేత చక్రంమీద ముద్రించిన వేగం మిషను వేగానికి తగ్గకూడదు. రక్షణ కవచం విప్పి పనిచేయకూడదు. వానాకాలపు చెమ్మలో వాడే మిషనుకు ఒక చదరంలో మరొక చదరం ఉన్న గుర్తు, అనగా రెండు పొరల విద్యున్నిరోధం, తప్పక ఉండాలి. కంటికీ ప్రాణానికీ చవక రకం లేదు.

మంచిదే కొనాలని తెలిసినా, కొనవలసిన రోజున చేతిలో డబ్బు లేనివాడి మాటేమిటి? ఆంగ్ల రచయిత టెర్రీ ప్రాచెట్ 1993లో ప్రచురించిన నవలలో ఒక పోలీసు అధికారి ఇదే ఆలోచిస్తాడు. ధనికుడు ఒకసారి మంచి బూట్లు కొని ఏళ్ళతరబడి తొడుగుతాడు. పేదవాడు మాటిమాటికి చవక బూట్లు కొని, మొత్తంమీద ఎక్కువ ఖర్చు పెట్టి కూడా తడికాళ్ళతోనే ఉంటాడు. గోల్ ఘర్ వడ్రంగి తొలినాడు చేసినది తెలివితక్కువ పని కాదు. లేమి చేయించిన పని. ఆ చిక్కునుంచి అతనిని బయట వేసినది చీటీ. నేడు అతడు, మరి ఇద్దరు వడ్రంగులు కలసి అరుదుగా వాడే మిషన్లను ఉమ్మడిగా ఉంచుకొంటున్నారు. అటకమీది రందా కూడా ఆ ఉమ్మడిలో చేరబోతున్నది.

ఆడలేక మద్దెల ఓడు అని మనవారు అంటారు. నిజమే, కాని ఆడగలిగినవాడికి ఓటి మద్దెల చేతికివ్వడమూ అన్యాయమే. ప్రతిరోజూ చేతిలో ఉండేదానికి వెనుకాడవద్దు, అప్పుడప్పుడు వాడేదానికి అప్పు చేయవద్దు, ప్రాణానికి సంబంధించినచోట బేరమాడవద్దు. ఈ మూడు మాటలూ అతడు ఇప్పుడు తన దగ్గర పని నేర్చుకొనే కుర్రవాడికి చెబుతున్నాడు. ఆ కుర్రవాడు స్వంతంగా పని ఒప్పుకొన్న రోజున మొదటి మిషను తానే ఎరువిస్తానని కూడా మాట ఇచ్చాడు. గోడకు వేలాడుతున్న కాలిన మిషనును అమ్మకుండా ఉంచినది కూడా ఆ కుర్రవాడి కోసమే.