ఆ మూడో లిఫ్టు

చీపురుపల్లి, పొందూరు, దూసి దాటాక శ్రీకాకుళం రోడ్ వస్తుంది. పేరు శ్రీకాకుళానిదే కానీ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. పట్నం పోయేవాళ్లు బస్సుల వైపు నడిచారు. నేను ఊసవానిపేటకు ఆటో మాట్లాడుకున్నాను.

"ఎవులింటికమ్మా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"ఎవరింటికీ కాదు బాబూ. కరణం మల్లీశ్వరి గారు పెరిగిన ఊరు చూద్దామని."

"ఒలంపిక్ మల్లీశ్వరేనా! మా అక్క కూడా ఎత్తేదమ్మా బరువులు. పెళ్లయినాక ఒగ్గీసింది."

ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లల కోసం ఆటల్లో ముందు నడిచిన మన ఆడవాళ్ల కథలు చిన్న చిన్న పుస్తకాలుగా రాస్తున్నాను. కోనేరు హంపి పుస్తకం ఇంట్లో కూర్చునే రాయగలిగాను. 2002లో, పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన అమ్మాయి ఆడిన ఆటలు ఎత్తు తర్వాత ఎత్తుగా అచ్చులో ఉన్నాయి. బల్ల ముందు పెట్టుకుని ఒక్కో పావునూ జరుపుతూ ఆ బుర్ర ఎలా నడిచిందో కొంతైనా పట్టుకోవచ్చు. చదరంగం కాగితం మీద మిగులుతుంది, బరువు మిగలదు. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచిందని రాస్తే పదేళ్ల పిల్లకు అందులో ఏం కనబడుతుంది? ఆ అంకెలకు ఒళ్లు కావాలి. అందుకోసమే ఈ ప్రయాణం.

ఊసవానిపేటలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదనే అందరూ చెప్పారు. నాకు కావలసింది కట్టడాలు కాదు. స్టేషన్ నుంచి ఊరు ఎంత దగ్గరో, పొద్దున్నే ఒక ఆడపిల్ల బరువులెత్తడానికి బయల్దేరితే ఎవరెవరి గుమ్మాల ముందు నుంచి పోవాలో తెలియాలి. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. ఇంటినిండా ఆడపిల్లలు, అందరూ బరువులెత్తినవాళ్లే. మల్లీశ్వరి పన్నెండో ఏట నీలంశెట్టి అప్పన్న దగ్గర సాధన మొదలుపెట్టింది. బక్కగా ఉందని మొదట్లో పక్కన పెడితే తల్లి శ్యామల ధైర్యం చెప్పి పంపింది. అది 1980ల చివరి మాట. ఆడవాళ్లకు ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు మొదలైందే 1987లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బరువులు ఉంటాయో లేదో ఎవరికీ తెలియదు. ఏ బహుమతీ కనబడని కాలంలో కూతుర్ని ఇనుము దగ్గరకు పంపిన ఆ తల్లికి ఒక పేజీ ఇవ్వాలని ఆ వీధిలో నడుస్తుండగానే అనుకున్నాను.

వాళ్లు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మాత్రం రాయను. పిల్లల జీవితచరిత్రల్లో "అమ్మా, నేను దేశానికి పేరు తెస్తాను!" అని పదేళ్ల పాత్రల చేత పలికించడం మనకు పాత అలవాటు. బతికున్న మనిషి నోట్లో మన మాట పెట్టడం తప్పని నా గట్టి నమ్మకం. పిల్లలు ఆ మాటను నిజమని నమ్ముతారు. నమ్మకంతో చదివే పాఠకులకే ఎక్కువ నిజం చెప్పాలి.

మధ్యాహ్నం దగ్గర్లోని ఒక బడిలో రాతప్రతి చదివి వినిపించాను. అయిదో తరగతి పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలు. 130 కిలోలంటే ఎంతో చెప్పమన్నాను. ఏనుగన్నారు, ఆటో అన్నారు. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు, పైన ఇంకో అయిదు కిలోలు అని చెప్పగానే తరగతి గది సద్దుమణిగింది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాను ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకుని దింపడం వాళ్లకు తెలుసు.

తర్వాత సిడ్నీ కథ చెప్పాను. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదే. 1994, 1995లో మల్లీశ్వరి ప్రపంచ విజేత అయింది 54 కిలోల విభాగంలో. సిడ్నీకి వచ్చేసరికి 69 కిలోల విభాగానికి మారింది. పతకం తెస్తుందని నమ్మినవాళ్లు తక్కువ. అక్కడ రెండో ప్రయత్నంలో 130 ఎత్తేసరికి మొత్తం 240 అయింది. కంచు ఖాయం. చైనా అమ్మాయి లిన్ వైనింగ్‌కూ, హంగరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుస్‌కూ చెరి 242.5. ఒంటి బరువు తక్కువ కాబట్టి బంగారం లిన్‌ది. మల్లీశ్వరికి ఇంకొక్క లిఫ్టు మిగిలింది. ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచి 137.5 పెట్టించుకుంది. అది ఎత్తి ఉంటే 247.5, బంగారం. ఎత్తలేకపోయింది.

రెండో వరసలోని పిల్ల చెయ్యెత్తింది. "మెడల్ వొచ్చీసింది కదా టీచర్, మళ్లీ ఎందుకెత్తడం?"

చాలా కథల్లో ఆ లిఫ్టు ఉండదు, ఉన్నా ఒక్క వాక్యం. బంగారం కొద్దిలో తప్పిందనే విచారం తప్ప మరేమీ చెప్పరు. లాస్ ఏంజెలెస్‌లో 1984లో పి.టి. ఉషకు పతకం సెకనులో నూరోవంతు తేడాతో పోయిందని చెప్పేటప్పుడూ అదే విచారం. పిల్ల అడిగింది వేరు. మల్లీశ్వరి ఆ లిఫ్టుకు ఎందుకు సాహసించిందని. నేను పిల్లకు తొందరపడి జవాబు చెప్పలేదు. బరువులెత్తేవాళ్లనే అడిగి రాస్తానని మాటిచ్చాను.

మర్నాడు వెనక్కి విజయనగరం వైపు ప్రయాణం. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరుపడ్డది. 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఈ ఊరే. మొదట ఆమెకు వచ్చింది కంచు. మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికాక వెండి అయింది.

సాయంత్రం ఆడపిల్లలు సాధన చేస్తుంటే గోడ పక్కన కూర్చుని చూశాను. బార్ పట్టుకునే తీరు దగ్గరే ఆగిపోయాను. బొటనవేలు పైన కాదు, మిగతా వేళ్ల కింద నలుగుతూ ఉంటుంది. హుక్ గ్రిప్ అంటారు. కొత్తలో నొప్పికి కళ్ల నీళ్లొస్తాయట. ఆడవాళ్ల బార్ ఒక్కటే, ప్లేట్లు లేకుండా, 15 కిలోలు. పదమూడేళ్ల పిల్ల అరచేతులు చూపించింది. వేళ్ల మొదళ్లలో కాయలు కాసి, ఒకచోట చర్మం చీలి టేపు వేసుంది. చేతికి తెల్లపొడి రాసుకుని వంగింది. తుంటి కిందికి, వీపు నిటారుగా, చూపు ముందుకు. బార్ మోకాళ్లు దాటి, ఒళ్లు పూర్తిగా సాగిన క్షణంలో ఆ పిల్ల తనే బార్ కిందికి దూరింది. చేతులతో పైకి లాగడమే వెయిట్‌లిఫ్టింగ్ అనుకునేవాళ్లు ఈ కదలిక చూడాలి. కాళ్లు తోస్తాయి, మనిషి బరువు కిందికి జారుతుంది. తర్వాత ఆ బరువుతో లేచి నిలబడాలి.

అక్కడే చిత్రకారుడికి ఫోన్ చేశాను. ఆయన పంపిన మొదటి బొమ్మలో మల్లీశ్వరి సన్నటి నడుముతో, తెల్లటి చేతులతో సినిమా పోస్టర్‌లోలా ఉంది. పెద్ద తొడలు, వెడల్పాటి భుజాలు, మందపాటి మెడ గియ్యమన్నాను. ఇలాంటి ఒళ్లున్న ఆడపిల్ల పుస్తకం తెరిస్తే తన ఒళ్లే కనబడాలి. దీనిమీద నేను రాజీ పడను.

బడిపిల్ల ప్రశ్నను టేపు వేసుకున్న పిల్లను అడిగాను. పతకం వచ్చేశాక మూడోది ఎందుకు?

"ఉన్న లిఫ్టు ఒగ్గీమండి" అంది, అందులో అడగాల్సిందేముందన్నట్టు. "ఎత్తకపోతే ఎత్తలేదు. అడక్కుండా వొచ్చీడమేటి?"

కోచ్ లెక్క వివరించాడు. స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలు. మూడూ ఎత్తినవాడు తక్కువ బరువు పెట్టుకున్నాడేమోనని అనుమానం వస్తుందట. పడేసిన బరువు కూడా మనిషి ఎక్కడిదాకా పోగలడో చెబుతుంది. అంతలో వెనక బార్ ధడేల్‌మని నేలకు కొట్టుకుంది. ఎవరూ తిరిగి చూడలేదు. ఆ పిల్ల ఓ చుట్టు తిరిగొచ్చి మళ్లీ పొడి రాసుకుంది.

పుస్తకం కూర్పు విశాఖ వెళ్లే రైల్లోనే మారింది. మొదటి పేజీ సిడ్నీ వేదిక కాదు, వేళ్ల కింద నలిగే బొటనవేలు. తర్వాత తల్లి. ఆ తర్వాత అక్కచెల్లెళ్లు. పెళ్లయ్యాక మానేసిన ఆటో అబ్బాయి అక్క లాంటివాళ్ల గురించి, పేర్లు లేకుండా, రెండు పేరాలు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అన్న వాక్యం ఎలాగూ ఉంటుంది. 1952లో ఖాషాబా జాదవ్, 1996లో లియాండర్ పేస్ తర్వాత స్వతంత్ర భారతానికి మూడో వ్యక్తిగత పతకమనీ, సిడ్నీ నుంచి మన దేశానికి వచ్చిన ఒకే ఒక్క పతకమనీ పిల్లలకు తెలియాలి. దానికి ఒక పేజీ చాలు. 137.5కి నాలుగు పేజీలు కేటాయించాను. అవి పూర్తవగానే అచ్చుకు ముందు ఆ బడికి పంపుతున్నాను, రెండో వరస పిల్ల చదివి సరిపోయిందో లేదో చెప్పాలి.