లిల్లీ పువ్వు లేని విమానం

ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి. కొందరికి స్టాంపులు, కొందరికి పాత నాణేలు. నాది ప్లాస్టిక్ విమానాల పిచ్చి. డబ్బాలో ముక్కలు ముక్కలుగా వచ్చే విమానాన్ని జిగురుతో అతికించి, గరుకు కాగితంతో రుద్ది, రంగులు వేసి నిలబెట్టడం అన్నమాట. యాభై దాటిన మనిషి ఆదివారం పూట పంటిపుల్ల పట్టుకుని శనగగింజంత చక్రానికి రంగు వేస్తుంటే చూసేవాళ్లకు నవ్వు రావడం సహజమే.

ఈమధ్య చేసింది యాక్-1బి. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ యూనియన్ వాడిన ఫైటర్. మా తరం తెలుగువాళ్లకు ఆ దేశం మరీ పరాయిదేం కాదు. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితాలతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికే రష్యన్ కథల్ని తెలుగులో చదువుకున్నాం. ఆ దేశం 1991లో మాయమైంది కానీ, ఆ పుస్తకాల వాసన మాత్రం ఇంకా ముక్కుకు తెలుసు.

అసలు విమానం రెక్కల పొడవు పది మీటర్లు. నేను చేసింది అందులో నలభై ఎనిమిదో వంతు. అంటే ఇరవయ్యొక్క సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఈ కొలతలో అయిదున్నర అడుగుల మనిషి మూడున్నర సెంటీమీటర్లుంటాడు. కాక్‌పిట్‌లో సీటు బెల్టుకు రంగు వేయాలంటే ఊపిరి బిగబట్టాలి. మా ఆవిడ సరిగ్గా అప్పుడే “కాఫీ తాగుతారా?” అని అడుగుతుంది.

ఈ యాక్‌ను తయారు చేసిన తీరు తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలెగ్జాండర్ యాకొవ్లెవ్ డిజైన్ చేసిన ఈ విమానం మొదటిసారి 1940 జనవరిలో ఎగిరింది. అల్యూమినియం కరువు. అందుకని రెక్కలు చెక్కతో చేసి, పైన ప్లైవుడ్ అతికించారు. ఒంటికి ఉక్కు గొట్టాల చట్రం, తోకవైపు బట్ట. వోల్గా నది ఒడ్డున సరాతొవ్‌లో పంటకోత యంత్రాలు చేసే ఫ్యాక్టరీనే విమానాల ఫ్యాక్టరీగా మార్చేశారు. 1943 జూన్‌లో జర్మన్ బాంబులకు అది చాలావరకు ధ్వంసమైనా పని ఆగలేదు. మొత్తం మీద సుమారు 8,700 యాక్-1లు తయారయ్యాయి.

మొదటి రకంలో పైలట్ వెనక విమానం వీపు ఎత్తుగా ఉండేది. వెంటపడుతున్న శత్రువు కనిపించేవాడు కాదు. బి రకంలో ఆ వీపు తగ్గించి, చుట్టూ కనిపించేలా అద్దపు బుడగ పెట్టారు. ప్రొపెల్లర్ నడిమధ్యలోంచి పేలే 20 మిల్లీమీటర్ల ఫిరంగి ఒకటి, 12.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్ ఒకటి. అంతే ఆయుధాలు.

చెక్క రెక్కల సంగతి రంగులు వేసేవాళ్లకు చాలా ముఖ్యం. పాతబడిన విమానంలా కనిపించాలని చాలామంది రెక్కల నిండా వెండి గీతలు గీస్తారు. రంగు ఊడితే కింద లోహం తేలాలి కదా అని! యాక్ రెక్క మీద రంగు ఊడితే తేలేది చెక్క. వెండి గీతలకు చోటు ముక్కు దగ్గరి ఇంజన్ రేకుల మీదే.

నేను వేసింది 1942-43 చలికాలపు వేషం. అడుగున లేత నీలం, పైన ఆకుపచ్చ, నలుపు మచ్చలు. మంచు పడే నెలల్లో వాటి మీద కడిగితే పోయే తెల్లరంగు పూసేవారు, మనం పండక్కి గోడలకు సున్నం కొట్టినట్టు. వసంతం వచ్చేసరికి అది అక్కడక్కడా కొట్టుకుపోయి కింది రంగులు బయటపడేవి. ఆ అరిగిన తెలుపు రావడానికి ఒక చిట్కా ఉంది. ముందు ఆకుపచ్చ, నలుపు వేసి ఆరనివ్వాలి. దాని మీద హెయిర్ స్ప్రే కొట్టి, అది ఆరాక పల్చగా తెలుపు వేయాలి. తర్వాత తడి కుంచెతో మెల్లగా రుద్దితే తెలుపు పొరలు పొరలుగా లేస్తుంది. పైలట్ కాలు పెట్టి ఎక్కే చోట ఎక్కువ, రెక్క చివర తక్కువ. చివరగా ఇంజన్ పొగ గొట్టాల వెనక కాస్త మసి.

పెళ్లిళ్లలో జడ నిలవడానికి కొనుక్కున్న స్ప్రే సగమైపోయిందని గొడవకొచ్చిన మా అమ్మాయి, కాసేపు పక్కన నిలబడి చూసింది.

“మనుషుల్ని చంపే విమానాన్ని ఇంత ముద్దుగా ఎందుకు చేస్తున్నావు నాన్నా?” అంది.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే దాన్ని నడిపిన అమ్మాయి కథ చెప్పాను.

పేరు లిదియా లిత్వ్యాక్. ఇంట్లో, స్నేహితుల్లో లీల్యా. 1921 ఆగస్టు 18న మాస్కోలో పుట్టింది. యుద్ధానికి ముందే ఏరోక్లబ్‌లో విమానం నడపడం నేర్చుకుని, ఇంకొకరికి నేర్పే స్థాయికి ఎదిగింది. 1937లో స్టాలిన్ అరెస్టుల కాలంలో తండ్రిని తీసుకుపోయారు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. అయినా 1941లో మరీనా రస్కోవా మహిళా పైలట్ల దళాలను కూడగడుతుంటే వెళ్లి చేరింది. సరాతొవ్‌కు ఎదురొడ్డున ఉన్న ఎంగెల్స్‌లో శిక్షణ. 1942 సెప్టెంబరులో స్టాలిన్‌గ్రాడ్ ఆకాశంలో మొదటిసారి శత్రు విమానాల్ని కూల్చింది. ఆమెతో కలిసి పోరాడిన ఎకతెరీనా బుదానొవా 1943 జులై 19న నేలకొరిగింది. ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 1న, దొన్‌బాస్ ప్రాంతంలో పోరుకు ఎగిరిన లీల్యా తిరిగి రాలేదు. ఇరవై రెండు నిండడానికి ఇంకా పదిహేడు రోజులుంది.

ఆచూకీ లేకపోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. శత్రువుకు పట్టుబడిందేమోనన్న అనుమానమే ఒక మచ్చ. ‘సోవియట్ యూనియన్ వీర’ బిరుదు ఆమెకు దక్కింది 1990 మే నెలలో. అంటే నలభై ఏడేళ్ల తర్వాత. ఆ బిరుదిచ్చిన దేశం మరుసటి ఏడాదే లేకుండా పోయింది. ఆమె పోయిన దొన్‌బాస్ నేల మీద 2014లో మళ్లీ తుపాకులు మోగాయి.

మా అమ్మాయి ఏమీ అనలేదు. తన వయసూ ఇరవై ఒకటే.

ఇక మిగిలింది స్టిక్కర్లు. నీళ్లలో నానబెట్టి జార్చి అతికించాలి. ఎర్ర నక్షత్రాలు, తోక మీద అంకె అయ్యాయి. విడిగా తెప్పించిన షీటులో తెల్ల లిల్లీ పువ్వు కూడా ఉంది. ఆమెను ‘స్టాలిన్‌గ్రాడ్ తెల్ల లిల్లీ’ అనడం, విమానం మీద ఆ పువ్వు వేయించుకుందని రాయడం చాలా పుస్తకాల్లో మామూలు. అందమైన కథే. కానీ దాన్ని రుజువు చేసే యుద్ధకాలపు ఫొటో ఒక్కటీ బయటపడలేదు. పైగా సున్నం కొట్టిన విమానం మీద తెల్ల పువ్వు ఎవరికి కనిపిస్తుంది?

“అతికిస్తే బాగుంటుందేమో నాన్నా, అమ్మాయి విమానం అని తెలుస్తుంది” అంది మా అమ్మాయి. కాసేపాగి తనే “వద్దులే. పువ్వు పెడితే కథలా ఉంటుంది” అంది.

నాకు కావలసిన జవాబు అదే. విమానాన్ని ముద్దుగా చేస్తున్నది యుద్ధం ముద్దొచ్చి కాదు. చెక్క, బట్ట, చేతికందిన రంగు కలిపి చేసిన దాంట్లో కూర్చుని ఇరవయ్యేళ్ల మనుషులు ఎగిరారని వేళ్లతో తెలుసుకోవడానికి. ఉన్నది ఉన్నట్టు చేస్తేనే అది తెలుస్తుంది.

విమానం కింద చెక్క పీట పెట్టాం. దాని మీద చిన్న కాగితం అతికించాలన్నది మా అమ్మాయి ఆలోచన. ఆమె కూల్చిన విమానాలెన్ని అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ లెక్క రాయలేదు. పేరు, పుట్టిన తేదీ, తిరిగి రాని తేదీ రాసింది. కలం పక్కన పెట్టేస్తూ ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తీసి, పేరు పక్కన బ్రాకెట్లో ‘లీల్యా’ అని చేర్చింది.