ఒక్క చేత్తో లేచే ఆవాజ్

మా పెద్దమ్మాయి బేస్ గిటార్ వాయిస్తుంది. ఈ మాట చెప్పగానే చుట్టాల్లో సగం మంది "అదేం గిటార్?" అంటారు. మిగతా సగం "ఆడపిల్లకెందుకు?" అంటారు. మొదటి సవాల్‌కి జవాబు తేలికే. మామూలు గిటార్‌కి ఆరు తీగలుంటే దీనికి నాలుగు, అవీ లావుపాటివి. పాటలో దీని ఆవాజ్ విడిగా చెవిన పడదు. తీసేస్తే మాత్రం పాట కింద నేల లేనట్టుంటుంది. రెండో సవాల్‌కి జవాబివ్వడం నేనెప్పుడో మానేశాను. నన్ను ఫిక్ర్‌లో పడేసింది మూడోది: ఆ డబ్బా ఎవరు మోస్తారు?

డబ్బా అంటే స్పీకర్ పెట్టె. గిటార్‌ని అమ్మాయి భుజాన వేసుకుని పోగలదు. ఆంప్లిఫయర్ కూడా ఇప్పుడు బరువు కాదు. క్లాస్ డీ రకం వచ్చాక రెండు కిలోల్లో సరిపోతుంది, పుస్తకాల సంచిలో పడుతుంది. స్పీకర్ పెట్టె దగ్గరే అంతా ఆగిపోతుంది. బ్యాండ్ పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్టె 34 కిలోలు తూగింది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కించాలన్నా దించాలన్నా మా తమ్ముడి కొడుకో, బ్యాండ్‌లో మగపిల్లలో రావాలి. వాళ్ళకి వీలైనప్పుడే ప్రాక్టీస్. వాళ్ళు బయల్దేరితేనే ఇంటికి రావడం. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ విసుక్కోలేదు. అయినా మోసేవాడి చేతిలోనే వేళ కూడా ఉంటుంది. మా అమ్మ ఒకరోజు మామూలుగానే అంది: "హునర్ తనది, మొహతాజీ మాత్రం పదిమందిది." ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ పిల్ల ఎవరికీ మొహతాజ్ కాకుండా, తనే ఒక్క చేత్తో ఎత్తుకుపోయే పెట్టె కట్టాలనుకున్నాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. హిసాబ్ నాది, చెక్కపని మా వీధి మిస్త్రీ సాబ్‌ది.

అసలు బేస్ గిటార్ పుట్టుకలోనే ఈ మోత బాధ ఉంది. అంతకుముందు బ్యాండ్లలో మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ ఉండేది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రిసిషన్ బేస్ తెచ్చాక ఆ ఆవాజ్ భుజానికి తగిలించుకునేంత చిన్నదైంది. కానీ బరువు మాయం కాలేదు, వాయిద్యంలోంచి స్పీకర్‌లోకి జరిగింది. 1969లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన ఎస్‌వీటీకి జతగా ఎనిమిది స్పీకర్ల పెట్టె వచ్చింది. ఆ రకం పెట్టె 60 కిలోలు దాటుతుంది. ఇద్దరు మగాళ్ళు లేకపోతే అది కదలదు.

ఇంత బరువెందుకు? సన్నటి ఆవాజ్‌కి కొంచెం గాలి కదిలినా చాలు. గంభీరమైన ఆవాజ్‌కి చాలా గాలి కదలాలి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. స్పీకర్ రంగంలో హాఫ్‌మన్ పేరు మీద ఒక ఇనుప నియమం ఉంది. పెట్టె చిన్నదిగా ఉండటం, లోతైన ఆవాజ్ రావడం, తక్కువ కరెంటుతో గట్టిగా మోగడం, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. మేం లోతులో కొంత వదులుకున్నాం. అది పెద్ద నష్టం కాదు. 41 కాస్త బలహీనంగా ఉన్నా, దాని రెండింతలు 82, మూడింతలు 123 గట్టిగా వినిపిస్తే చెవి కింది స్వరాన్ని తనే పూరించుకుంటుంది.

ఏ స్పీకర్‌కి ఎంత పెట్టె కావాలో ఒకప్పుడు అందాజాగానే కట్టేవారు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దీన్ని హిసాబ్‌లోకి తెచ్చారు. ఇప్పుడు మంచి స్పీకర్‌తోపాటు వచ్చే కాగితం మీద ఆ అంకెలుంటాయి. వాటిని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పెట్టె ఎన్ని లీటర్లుండాలో చెప్పేస్తుంది. మేం తీసుకున్నది 12 అంగుళాల నియోడిమియం స్పీకర్. 1980ల్లో జపాన్‌లోనూ అమెరికాలోనూ కనిపెట్టిన ఈ అయస్కాంతం చిన్న ముక్కలోనే ఎంతో జోరు చూపిస్తుంది. ఫెర్రైట్ స్పీకర్ కంటే ధర ఎక్కువ, కానీ స్పీకర్ మొత్తం రెండు కిలోల పైచిలుకే. డబ్బు పెట్టాల్సింది అక్కడే అని తేల్చుకున్నాం. దానికి 50 లీటర్ల ఖాళీ జాగా కావాలి.

చెక్క దగ్గర మిస్త్రీ సాబ్‌కీ నాకూ బహస్ జరిగింది. "18 ఎమ్‌ఎమ్ ప్లై వెయ్యాలి సాబ్. వజన్ లేకపోతే మజ్బూతీ ఎక్కడిది?" అన్నారాయన. ముప్ఫయ్యేళ్ళ తజుర్బా ఉన్న మనిషి, ఆయన మాటలో నిజముంది. పలక బిగువు మందానికి ఘనంగా పెరుగుతుంది. 18 నుంచి 12కి దిగితే బిగువు మూడో వంతు కంటే తగ్గిపోతుంది. పలక వణికితే ఆవాజ్ బురదగా మారుతుంది. కానీ అదే హిసాబ్‌లో ఇంకో దారి ఉంది. పలకని మధ్యలో ఎక్కడో ఒకచోట పట్టి ఉంచితే వంగే పొడవు సగమవుతుంది. అదే ఒత్తిడికి వంపు పదహారో వంతుకి పడిపోతుంది. అందుకు కావలసింది ఒక సన్నటి బద్ద, అంతే.

పాప్లర్ ప్లైవుడ్ తీసుకున్నాం. హర్యానాలోని యమునానగర్ వైపు పొలాల్లో పెంచే చెట్టుతో చేసేది. షాపులో పాప్లర్ అని చెప్పి జామాయిల్ పొరలు కలిపింది కూడా ఇస్తుంటారు. తెలుసుకోవడం కష్టం కాదు. 30 సెంటీమీటర్ల చదరపు ముక్క, 12 ఎమ్‌ఎమ్‌ది, కిరాణా కొట్టు తరాజులో వెయ్యండి. అరకిలో దగ్గర ఉంటే పాప్లర్. ముప్పావు కిలో ఉంటే వేరే జాతి. పెట్టె బయటి కొలత 52, 40, 34 సెంటీమీటర్లు. సగం షీటుతో అయిపోయింది. చెక్క మొత్తం ఆరు కిలోల లోపే. అదే పెట్టె 18 ఎమ్‌ఎమ్ గట్టి ప్లైతో కడితే ఉత్త చెక్కే 13 కిలోలయ్యేది.

ఎదురెదురు పలకల్ని బద్దలతో కలిపాం. ఎడమకీ కుడికీ ఒకటి, ముందుకీ వెనక్కీ ఒకటి, పైకీ కిందకీ ఒకటి. సరిగ్గా నడిమధ్యలో పెట్టలేదు, కొంచెం పక్కకి జరిపాం. రెండు సగాలూ ఒకేలా ఉంటే ఒకే స్వరానికి రెండూ కలిసి వణుకుతాయి. మూలలకి లోపల సన్న కర్ర, దానికి నిండా ఫెవికాల్, రాత్రంతా క్లాంపులు. బద్దలు పెట్టకముందు వేలి కణుపుతో కొడితే పలక డప్పులా "ధబ్" అనేది. పెట్టాక "టక్" అంది. మిస్త్రీ సాబ్ తనే నాలుగు వైపులా కొట్టి చూసి, "హల్కా హై, లేకిన్ పక్కా హై" అన్నారు. ఆయన ఒప్పుకోవడం నాకు సర్టిఫికెట్.

ముందు పలకలో స్పీకర్ కింద మూడు పీవీసీ గొట్టాలున్నాయి. మూడంగుళాల నీళ్ళ పైపే, ఒక్కోటి 23 సెంటీమీటర్ల దాకా పొడవు. సీసా మూతి మీద ఊదితే మోగుతుంది కదా, ఇదీ అదే. హెల్మ్‌హోల్ట్జ్ పాఠం అని నేను ఏటా క్లాసులో చెప్పేదే. 50 లీటర్ల గాలి, ఆ గొట్టాలు కలిసి సెకనుకి 50 కంపనాల దగ్గర మోగుతాయి. ఫోన్‌లోంచి 50 స్వరం పెట్టి చూడండి. స్పీకర్ దాదాపు కదలకుండా నిలబడుతుంది, గొట్టం ముందు పట్టుకున్న కాగితం ముక్క మాత్రం రెపరెపలాడుతుంది. మా అమ్మాయి ఇది చూసి పదిసార్లు పెట్టించుకుంది. దానికంటే బాగా కిందికి దిగితే స్పీకర్‌కి గాలి ఆసరా పోయి అతిగా ఊగుతుంది. అందుకే ఆంప్లిఫయర్‌లో 40 కింది స్వరాలు ఆపే మీట వాడాలి. ఆ స్వరం మోగుతుండగానే అతుకుల పక్కన అగర్‌బత్తీ తిప్పాం. పొగ ఎక్కడా అదరలేదు, అంటే గాలి కారడం లేదు.

లోపల దూది పరచడం మా అమ్మ పని. మా దాదా దూదేకులాయన. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పల్లెపల్లెకీ తిరిగేవారట. ఆ నారిని కొయ్యతో కొడితే వచ్చే మోత వీధి చివరి దాకా వినిపించేదని, దూదేకులాయన వచ్చాడని పిలవకుండానే జనం పరుపులు బయటికి తెచ్చేవారని అమ్మ చెప్పింది. విల్లు మనిషంత పొడవు, అయినా ఒక్కడే మోసేవాడు. రోజంతా నడిచేవాడికి అలాగే ఉండాలి మరి. అమ్మ పాత రజాయి విప్పి, దూది చేత్తో విడదీసి, వెనక పలకకీ పైపలకకీ ఒక పక్కకీ అంగుళం మందాన పరిచి, పల్చటి గుడ్డ కప్పి మేకులు కొట్టించింది. దూది లోపలి ప్రతిధ్వనిని మింగేస్తుంది. గొట్టాల మూతులకి మాత్రం దూరంగా ఉంచాలి. "దాదీ, ముత్తాతది కూడా బేస్ గిటారే" అంది అమ్మాయి. మా అమ్మ నవ్వింది కానీ కాదనలేదు.

పిడి, జాలీ, రబ్బరు కాళ్ళు, నల్ల రంగు అన్నీ అయ్యాక తూస్తే 10 కిలోల 700 గ్రాములు. పెద్ద మైదానంలో కచేరీకి ఈ పెట్టె చాలదు, అక్కడ సౌండ్ సిస్టమ్ వాళ్ళ పెట్టెలు ఎలాగూ ఉంటాయి. ప్రాక్టీస్ గదికీ, కాలేజీ హాలుకీ ఇది నిండుగా సరిపోతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది కట్టాలనుకుంటే లీటర్లకంటే ముందు ఒకటి కొలవండి. దాన్ని మోసే మనిషి చేత బియ్యం బస్తా ఒకటి ఎత్తించి, ఎన్ని కిలోల దాకా ఊపిరాడకుండా కాక మామూలుగా మెట్లెక్కగలరో చూడండి. ఆ అంకె దగ్గర మొదలుపెట్టి వెనక్కి హిసాబ్ వెయ్యండి.

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం అమ్మాయి ఎడమ భుజాన గిటార్, వీపున సంచి, కుడిచేత్తో పెట్టె తీసుకుని తనే దిగింది. నేను బాల్కనీలోంచి చూశాను. రెండో అంతస్తు దగ్గర చెయ్యి మార్చుకుంది. ఆటోవాడు సాయానికి దిగబోతే వద్దంది. మా అమ్మ పైనుంచి "ఎన్నింటికొస్తావు బేటా?" అని అడిగింది. ఇన్నాళ్ళూ ఆ సవాల్‌కి "అన్నయ్య ఎప్పుడొస్తే అప్పుడు" అనేది. ఈసారి "ఎనిమిదిన్నరకి దాదీ" అంది. ఎనిమిదీ ఇరవైకి మెట్ల మీద అడుగులు వినిపించాయి.