రెండు పసుపు గీతలు

మోడల్ ఫైటర్ జెట్ కిట్ ఎప్పుడైనా ఇంటికి తెచ్చిన పేరెంట్స్‌కి ఈ సంగతి తెలిసే ఉంటుంది. విమానం బాడీ రెండు మూడు ఆదివారాల్లో అయిపోతుంది. నెలలు తినేసేది రెక్కల కింద వేలాడే సామాను: మిసైళ్లు, బాంబులు, అదనపు ఇంధనం ట్యాంకులు, వాటిని పట్టుకునే పైలాన్లు. చాలావరకు ఒక్కొక్కటీ రెండు సగాలుగా వస్తుంది. అతికించిన చోట ఉబ్బిన గీత మిగులుతుంది. దాన్ని బ్లేడుతో గీకి, ఎమరీ పేపర్ తడిపి రుద్దాలి. ఒక బాంబుకి చేస్తే సరదా. పన్నెండు బాంబులకి చేయాలంటే ఓపికకి పరీక్షే.

ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది అమెరికా నేవీ వాళ్ల ఫాంటమ్, అసలు విమానంలో 48వ వంతు సైజు. అసలు సైడ్‌వైండర్ మిసైల్ అడ్డంగా 127 మిల్లీమీటర్లు ఉంటుంది. 48తో భాగించి చూడమన్నాను. రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చింది, అంటే మసాలా పూసిన అగరుబత్తి అంత లావు. దాని మీద సన్నగా, చుట్టూ సమానంగా రంగు గీత రావాలి. మొదట మాస్కింగ్ టేప్ చుట్టి చూసింది, టేప్ కిందికి రంగు పాకింది. తర్వాత తనే ఒక దారి కనిపెట్టింది. మిసైల్ వెనక చిన్న కన్నం చేసి చీపురు పుల్ల గుచ్చుతుంది. బ్రష్‌ని కదపకుండా పుస్తకాల మీద ఆనించి, పుల్లని వేళ్ల మధ్య తిప్పుతుంది. గీత దానంతటదే చుట్టుకుంటుంది. ఫౌండేషన్ వర్క్‌షీట్ల ముందు పావుగంట కూర్చోని పిల్ల దీని దగ్గర రెండు గంటలు కదలదు. దీని మీద నా అభిప్రాయం ఇక్కడ రాయను.

పిల్లలకి ఖాళీ పైలాన్ కనబడితే ఊరుకోబుద్ధి కాదు, కిట్‌లో ఉన్నవన్నీ తగిలించేయాలనిపిస్తుంది. అసలు విమానానికి అలా కుదరదు. ఫాంటమ్ పొట్ట కింద తగిలించే ట్యాంక్ 600 గ్యాలన్లది, సుమారు 2,270 లీటర్లు. మా అపార్ట్‌మెంట్ మీద నీళ్లకి పెట్టిన వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు కలిపినా అంతకన్నా తక్కువే. బాంబు ఒక్కోటి 227 కిలోలు. బరువు పెరిగితే, గాలికి అడ్డు పెరిగితే, వెళ్లగలిగే దూరం తగ్గుతుంది. ఏది మోసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న లెక్క మా అమ్మాయికి ఫిజిక్స్ పుస్తకం కన్నా ముందు ఇక్కడే ఎదురైంది.

మా అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు టేబుల్ మీద పన్నెండు బాంబులు పుల్లలకి గుచ్చి, థర్మోకోల్ ముక్కలో నిలబడి ఉన్నాయి. "ఏంట్రా, పిల్ల చేత బాంబులకి రంగులేయిస్తున్నావా?" అంది. అడగాల్సిన మాటే. నా మనసులోనూ ఉన్న మాటే. కంచన్‌బాగ్ డిఫెన్స్ ల్యాబుల్లో, భారత్ డైనమిక్స్‌లో పనిచేసే వాళ్ల పిల్లలు మన హైదరాబాద్ స్కూళ్లలో ఎందరో ఉన్నారు. మిసైల్ అంటే వాళ్లకి నాన్న ఆఫీసు, అమ్మ ప్రాజెక్టు. అయినా ఇవి మనుషుల్ని చంపే వస్తువులే, బొమ్మలు కదా అని తీసిపారేయలేం. చేస్తే, అదేమిటో తెలిసి చేయాలన్నది నా పట్టుదల. మానేయమని మాత్రం చెప్పలేదు.

నాయనమ్మకి రంగుల సంగతి మనవరాలే చెప్పింది. అమెరికా వాళ్ల పద్ధతిలో పసుపు గీత ఉంటే లోపల పేలే మందు ఉన్నట్టు. బ్రౌన్ గీత రాకెట్ మోటారుకి గుర్తు. నీలం అయితే ట్రైనింగ్ కోసం వాడేది. మరి ఈ బాంబులకి రెండేసి పసుపు గీతలు ఎందుకు, పైన గరుకుగా ఎందుకు ఉన్నాయి అంటే, దాని వెనక ఒక ప్రమాదం ఉంది.

1967 జులై 29న వియత్నాం దగ్గర సముద్రంలో ఫారెస్టల్ అనే విమానవాహక నౌక మీద, ఒక ఫాంటమ్‌కి తగిలించిన రాకెట్ కరెంటు లోపం వల్ల దానంతటదే పేలి దూసుకెళ్లింది. ఎదురుగా ఆగి ఉన్న విమానం ఇంధనం ట్యాంక్‌ని చీల్చింది. డెక్ మీద మంటలు లేచాయి. ఆ రోజు విమానాలకి తగిలించిన వాటిలో ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పాతరకం బాంబులున్నాయి. అవి వేడికి ఎక్కువసేపు తట్టుకోలేవు. ఒకటిన్నర నిమిషం అయ్యీ కాకముందే మొదటిది పేలింది. మంటలార్పడానికి ముందుగా పరిగెత్తిన వాళ్లలో చాలామంది అందులోనే పోయారు. మొత్తం 134 మంది చనిపోయారు. ఆ తర్వాత నేవీ బాంబులకి వేడిని కాసేపైనా ఆపే మందపాటి గరుకు పూత పూయడం మొదలైంది. ఆ పూత ఉందని చెప్పేది రెండో పసుపు గీత.

కిట్‌లో వచ్చిన బాంబులు నున్నగా ఉంటాయి. పుట్టీని పలచగా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పొడిచి పొడిచి మా అమ్మాయి ఆ గరుకుదనం తెప్పించింది. ఎక్కువైతే పనసకాయలా కనబడుతుంది, కనబడీ కనబడనట్టు ఉండాలి. (ఇక్కడ ఒక మాట: పుట్టీ, థిన్నర్ వాసన మంచిది కాదు. కిటికీలు తీసి, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే. బ్లేడు, సూపర్ గ్లూ విషయమూ అంతే.)

కథంతా విని మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక బాంబుని పుల్లతో సహా తీసి చూస్తూ, "ఓడలో పోయినవాళ్ల లెక్క సరే తల్లీ, ఇవి పడ్డచోట పోయినవాళ్ల లెక్క ఎంత?" అని అడిగింది. ఓడలోని వాళ్ల సంఖ్య మా అమ్మాయికి కంఠతా వచ్చు. ఈ ప్రశ్నకి జవాబు తన దగ్గర లేదు. నా దగ్గరా లేదు. ఆ రాత్రి తను వియత్నాం గురించి చదువుతూ కూర్చుంది. నేను లైట్ ఆర్పమనలేదు.

ఇది జరిగి మూడు వారాలైంది. ఆరు బాంబులకి పసుపు గీతలు పూర్తయ్యాయి. మిగతా ఆరూ ప్రైమర్ మీదే ఉన్నాయి. వాటికి నీలం వేసి ట్రైనింగ్‌కి వెళ్తున్న ఫాంటమ్‌గా చేయొచ్చా అని నన్నడిగింది. వేయొచ్చు, కానీ ఒకే విమానానికి రెండు రకాలూ కలిపి తగిలిస్తే తప్పవుతుంది అన్నాను. అంటే పూర్తయిన ఆరూ తీసేయాలి, లేదా మళ్లీ రంగు మార్చాలి. ఇంకా ఏమీ తేల్చుకోలేదు. టేబుల్ మీద నీలం రంగు సీసా మూత తీయకుండా అలాగే ఉంది.