నల్లోడు నేర్పిన మాట

మా యింట్లో పిల్లవాడు గాక నలుగురం. వాణ్ణి ఆపాలంటే నాలుగు రకాలుగా చెప్పేవాళ్ళం. అత్త ‘ఉండ్రా’ అనేది. మా ఆయన ‘ఆగు’ అనేవారు. నేను ‘పోవద్దు నాయనా’ అనేదాన్ని. పెద్దపాప ‘స్టాప్’ అని అరిచేది. బళ్ళో ఆయమ్మ ‘నిల్లు’ అనేది. వీటన్నిటికీ అర్థం ఒకటేనని మనకు తెలుసు. మా చిన్నోడికి తెలియదన్న సంగతి మాకు తెలియడానికి ఒక కుక్క రావలసి వచ్చింది.

మాది పళ్ళిపట్టు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణితోపాటు చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, కాగితాల్లో తమిళం. మాకు నాలుగు మర మగ్గాలున్నాయి. వాటి చప్పుడుకు చిన్నోడు రెండు చెవులూ మూసుకుని మూలకు పోయేవాడు. మూడేళ్ళు నిండినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాడు. ఖాళీ నూలు కండె ఒకటి చేతికిస్తే గంటలకొద్దీ తిప్పుకుంటూ కూర్చునేవాడు.

చెన్నపట్నంలో చూపిస్తే ఆటిజం అన్నారు. అక్కడే ఒక డాక్టరు, “ఇంట్లో ఇన్ని భాషలేమిటి? తెలుగు మానేసి తమిళంలోనే మాట్లాడండి” అన్నారు. చదువుకున్నవారి మాట కదా అని విన్నాం. మా అత్తకు తమిళం సంతకు చాలినంత వచ్చు. మనవణ్ణి ముద్దు చేసేంత రాదు. ఎనిమిది నెలలు ఆమె వాడితో మాట్లాడడమే మానేసింది. ఎత్తుకునేది, తినిపించేది, నోరు మాత్రం తెరిచేది కాదు. రెండు భాషలు వినడం వల్ల ఇలాంటి పిల్లలకు మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయని మాకు తర్వాత తెలిసింది. పోయిన ఆ ఎనిమిది నెలలూ ఎవరిని అడిగి తెచ్చుకునేది?

మాట ఒక బెంగ అయితే, పరుగు ఇంకో బెంగ. వాడు ఉన్నట్టుండి పరుగెత్తేవాడు. వెనక్కు చూడడు, బండ్లు చూడడు. మా వైపు కుశస్థలి ఏడాదిలో చాలా భాగం ఎండి ఉంటుంది. పైన ఆంధ్రాలో కృష్ణాపురం డ్యాము గేట్లు ఎత్తితే మాత్రం దారుల మీదికి నీళ్ళొస్తాయి. 2021 నవంబరులో అట్లాగే వచ్చాయి. తలుపు గడియ తీసి ఉన్న ఒక్క నిమిషంలో వాడు ఏటి దారి పట్టాడు. టీ బంకు దగ్గర ఎవరో పట్టుకోబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

అప్పుడే కుక్కల సంగతి చదివాను. కళ్ళు లేనివారికి దారి చూపే కుక్కలను తయారుచేసే ‘సీయింగ్ ఐ’ బడి అమెరికాలో 1929లోనే మొదలైంది. కెనడాలో నేషనల్ సర్వీస్ డాగ్స్ అనే సంస్థ 1997 నుంచి ఆటిజం ఉన్న పిల్లల కోసం కుక్కలకు శిక్షణ ఇస్తోంది. పిల్లవాడి నడుముకు ఒక బెల్టు, అందులోంచి కుక్కకు ఒక తాడు. కుక్కను నడిపించే తాడు పెద్దవాళ్ళ చేతిలో ఉంటుంది. పిల్లవాడు పరుగు తీస్తే కుక్క కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడిపోతుంది. 1991లో హాంగ్‌కాంగ్‌లో పుట్టిన ‘డాక్టర్ డాగ్’ పథకాన్ని మన చెన్నైకి బ్లూ క్రాస్ వాళ్ళు తెచ్చారు. అవి పిల్లల దగ్గరికి వచ్చి కాసేపు ఆడి పోయే సాధు కుక్కలు. ఇంట్లో ఉండి కాపు కాసేవి కావు. కెనడా కుక్కను తెప్పించుకునే తాహతు మగ్గం నేసేవాళ్ళకెక్కడిది?

మా షెడ్డులో పుట్టి పెరిగిన నల్లకుక్క ఒకటుంది. నల్లోడు అంటాం. పోలీసు కుక్కలతో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు తిరుత్తణి వైపు ఉన్నారని విని, మా ఆయన బతిమాలి పిలుచుకొచ్చారు. ఆయన నల్లోడి వెనక సత్తు పళ్ళెం జారవిడిచాడు. తోక లాగాడు, చెవి లాగాడు, తింటుంటే గిన్నె తీసుకున్నాడు. మగ్గాల మోతలో పెరిగినందువల్లనేమో అది ఉలిక్కిపడలేదు, గుర్రుమనలేదు.

“అమ్మా, ముందు పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించండి. ఇంకో మాట. నేను ఇట్లాంటి పనికి కుక్కను తయారుచేసినవాణ్ణి కాను. బిడ్డను కుక్కకు కట్టవద్దు. దాని నడుం పట్టీకి ఒక పిడి పెడతాను, వాడు పట్టుకుంటాడు. తాడు మీ చేతిలోనే ఉండాల. వాడి ప్రాణం దాని మీద పెట్టవద్దు,” అన్నాడు.

మొదటి రోజు నల్లోణ్ణి ఆపమన్నాడు. నలుగురం నాలుగు మాటలన్నాం. అది ఒక్కొక్కరి మొహం చూసి, చివరికి పడుకుంది. అత్త పకపకా నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. “కుక్కకు నేర్పడం సులభం. కష్టం మీకు నేర్పడమే. ఒక పనికి ఒక మాట. అరవొద్దు. చెప్పి, మనసులో మూడు లెక్కపెట్టండి. చేస్తే వెంటనే ఇంత గుడ్డు ముక్క పెట్టండి.”

ఏ మాట అని ఆ రాత్రి ఇంట్లో పెద్ద వాదం. పోలీసు కుక్కలకు ఇంగ్లీషే చెబుతారు, స్టాప్ అందాం అన్నారు మా ఆయన. అంతవరకూ వింటూ కూర్చున్న అత్త, “నిలు అనండిరా. బళ్ళో నిల్లు అంటారు గదా. మన నిలు, వాళ్ళ నిల్లు అక్కచెల్లెళ్ళే” అంది. ఎనిమిది నెలలు నోరు కట్టుకున్న మనిషి చెప్పిన మాట. ఎవరమూ ఎదురాడలేదు.

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. నేను తాడు పట్టుకుంటాను, వాడు పిడి పట్టుకుంటాడు. వీధి మలుపులో ‘నిలు’ అంటాను. నల్లోడు నిలుస్తుంది. పిడి ఆగుతుంది గనుక వాడూ ఆగుతాడు. మొదట్లో పిడి వదిలేసేవాడు, గుంజేవాడు, నేల మీద పడి పొర్లేవాడు. నడిచిన రోజులకంటే వెనుదిరిగి వచ్చిన రోజులే ఎక్కువ.

ఆరో నెలలో ఒకనాడు మగ్గం మీద దారం తెగితే చూస్తున్నాను. తలెత్తేసరికి వాకిలి తెరిచి ఉంది, వాడు గడప దాటుతున్నాడు. నల్లోడు ఎక్కడో పెరట్లో ఉంది. అరవబోయి, ఎట్లాగో గొంతు తగ్గించి ‘నిలు’ అన్నాను. వాడు నిలిచాడు. పిడి పట్టుకున్నట్టే కుడిచెయ్యి గాలిలో పెట్టుకుని నిలిచాడు.

వాడికి మాట వచ్చేసిందని చెప్పను. ఆ తర్వాత కూడా రెండుసార్లు పరుగెత్తాడు. వాకిలికి గడియ ఉంది, తాడు నా చేతిలోనే ఉంది. మగ్గం ఆడితే ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు. మారింది మేము. ‘నిలు’ తర్వాత ‘రా’, ‘తిను’, ‘ఇయ్యి’ అని ఒక్కొక్క మాటకూ నలుగురం కూర్చుని ఒప్పుకున్నాం. అత్త మళ్ళీ వాడితో తెలుగులో మాట్లాడుతోంది. ఒక మాట చెప్పి, వాడి మొహం చూస్తూ మూడు లెక్కపెడుతుంది. ఒక్కోసారి ముప్పై దాకా లెక్కపెడుతుంది.