మత్తులో నున్నవానికి మత్తు

1923లో పానగల్లు రాజావారి చేతులమీదుగా ప్రారంభమై, ఉత్తరాంధ్ర పల్లెలన్నిటికిని పెద్దాసుపత్రిగా నిలిచిన విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆస్పత్రికి నేను పోయినది కపాల శస్త్రచికిత్సను చూచుటకే యైనను, థియేటరు వాకిట నేలపై కూర్చున్న యొక తల్లి ప్రశ్న నన్నక్కడనే నిలిపివేసెను.

"పడినకాడ్నుంచీ మత్తులోనే ఉన్నాడు గదా బాబూ, మళ్లా మత్తుమందేటి?"

సంతకము కొఱకు వచ్చిన మత్తు డాక్టరు ఆమె చెంత గొంతుక్కూర్చుండి, "అతనికి తెలీదమ్మా, ఒంటికి తెలుస్తుంది" అనెను.

గాజువాక త్రోవలో మోటారుసైకిలుపైనుండి పడిన ఆ యువకుడు, 1974లో టీస్డేల్, జెనెట్ పండితులు ఏర్పరచిన గ్లాస్గో కొలమానమున 15కు 6 వద్ద నుండెను. కన్ను తెరువడు, పలుకడు, గిచ్చినచో చేయి మాత్రము వెనుకకు లాగుకొనును. పుర్రెకును, మెదడు పైపొరకును నడుమ నెత్తురు గడ్డకట్టెను. తుదిగా ఎప్పుడు తినెనో, ఏ మందు పడదో చెప్పువాడు లేడు గనుక కడుపు నిండియున్నదనియే యెంచి, విఱిగియుండవచ్చునన్న భయమున మెడను కదలనీయక, గొంతులోనికి గొట్టమును దింపిరి.

కత్తి చర్మమును తాకినంతనే తెరపై 78గా నున్న నాడి 112కు ఎగసెను! స్పృహ లేని దేహము మొఱపెట్టుకొను తీరది. ఆ మొఱతో రక్తపోటు పెరిగినచో పుర్రెలోని ఒత్తిడియు పెరుగును. దానిని అణచుటకై మందు మిక్కుటముగ నిచ్చినచో రక్తపోటు పడి, నలిగియున్న మెదడునకు నెత్తురందదు. శ్వాసయంత్రమును వేగముగ నడిపి బొగ్గుపులుసు వాయువును తగ్గించినచో మెదడులోని నాళములు ముడుచుకొని ఒత్తిడి దిగునుగాని, మితిమీరినచో అదియు మెదడునకు నెత్తురు కఱవే. క్లోరోఫారమిచ్చునపుడు చూడవలసినది నాడినా, ఊపిరినా యని 1888, 1889లలో నిజాము ధనముతో హైదరాబాదున రెండు కమిషన్లు కూర్చి, ఊపిరియే యని వాదించిన వైద్యుడు లారీ దొర ఈ తెర ముందు నిలిచినచో దేనిపైనుండి కన్ను మరల్చగలిగెడివాడో!

ఎముక పలకను ఎత్తగా, నేరేడుపండ్ల గుజ్జువలె నల్లనిగడ్డ కానవచ్చెను. అది వెలికి వచ్చినంతనే రక్తపోటు చప్పున జాఱునని యెఱిగిన డాక్టరు, అంతకుమున్నే రక్తపు సంచిని తగిలించి సిద్ధముగ నుండెను.

తక్కిన శస్త్రచికిత్సలలో తుదకు పేరుపెట్టి పిలిచి కన్ను తెరువుమందురు. ఇచ్చట పిలుపు లేదు. ఆయన బొటనవ్రేలితో కుడిరెప్పనెత్తి దీపము చూపెను, మఱల చూపెను. పిమ్మట బయటికి వచ్చెను.

"లేచాడా బాబూ?"

"ఇంకా లేదమ్మా. ఇందాక కంటిపాప శనగగింజంత ఉండేది. ఇప్పుడు పెసరగింజంత అయింది."

ఆమె తన వ్రేళ్లసందున ఆ పెసరగింజ కొలతను పట్టి, చాలసేపు దానినే చూచుచుండెను.