వోచరు లేని దయ్యం

దయ్యాల మాట వచ్చినప్పుడు మన మిత్రుల్లో కొందరు "నవ్వి ఊరుకుంటే అదే పోతుంది" అంటారు. ఊరుకుంటే పోదు. ఒక దయ్యం కథ ఊళ్ళో తిరుగుతోందంటే దాని కింద ఎవరో ఒక మనిషి నలుగుతూనే ఉంటారు. ఒక పాత బండిని బాగుచేయించే పనిలో ఈ సంగతి మరోసారి నా కళ్ళబడింది. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది ఖరగ్‌పూర్‌లోని ట్రాఫిక్‌లో. పేరు చూసి బళ్ళ రద్దీ అనుకోకండి, అది రైల్వే కాలనీ పేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళ సంతానం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను.

మా మేనల్లుడు 2024లో ఒక పాత పికప్ బండి కొన్నాడు. వెనక తొట్టి మీద చిన్న గది ఉంది. పడుకోవాలంటే పైకప్పు ఎత్తాలి. కప్పుకీ గోడలకీ మధ్య ఉన్న క్యాన్వాస్ హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటుంది. పొద్దున్న కప్పు దించి కొక్కేలు బిగిస్తే మామూలు బండి. అమెరికాలో ఇలాంటివాటిని పాప్-అప్ క్యాంపర్లు అంటారట. మొదటి యజమాని అయిన కాంట్రాక్టరు, పని జరిగే చోట డ్రైవరు పడుకోవడానికి కట్టించాడు. పిల్లల్ని ఎక్కించుకుని దీఘా, పూరీ తిరగాలని మావాడి సరదా.

బండి చవగ్గా రావడానికి ఒక కారణం ఉంది. 2016 జనవరిలో ఒక రాత్రి ఆ డ్రైవరు అందులోనే నిద్రలో చనిపోయాడు. ఒంటిమీద దెబ్బ లేదు, జబ్బు లేదు. ఇంకేం కావాలి? దయ్యం తయారైంది. ఆ తర్వాత పడుకున్నవాళ్ళు రెండు సాక్ష్యాలు చెప్పారు. ఒకటి, రాత్రిపూట ఎవరో కప్పు మీద తడుతున్నట్టు టక్కు టక్కున చప్పుడు. రెండు, తెల్లారేసరికి ఎత్తిన కప్పు దానంతటదే కిందికి దిగి ఉండటం. మా చెల్లెలు "ఆ బండిలో నా మనవల్ని ఎక్కించావంటే ఊరుకోను" అని కొడుకుతో మాట్లాడటం మానేసింది. రేకుల పనివాడు గుమ్మడికాయ కొట్టందే సుత్తి ముట్టనన్నాడు.

మావాడు వచ్చి "మావయ్యా, అమ్మేసెయ్యనా?" అన్నాడు. మా ఆఫీసులో వాహనాల ఫైళ్ళలో 'బియాండ్ ఎకనామికల్ రిపేర్' అనే మాట తగిలేది. మరమ్మతు ఖర్చు బండి విలువకు తగదని తేలితే వేలానికి పంపుతారు. "ముందు అంచనా వేద్దాం. దయ్యానికి కూడా ఒక కాలమ్ పెడదాం" అన్నాను.

మొదట కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. అదృష్టవశాత్తూ అనను, కాంట్రాక్టరు జాగ్రత్తవల్ల ఆ గది ఆర్.సి.లో నమోదై ఉంది.

తర్వాత కప్పు. మూలల్లో నీళ్ళు కారి లోపలి ప్లైవుడ్ కుళ్ళింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెరుగులో దిగినట్టు దిగింది. కారినప్పుడల్లా పాత సిలికాన్ మీదే కొత్త సిలికాన్ పూశారు. అది అలా అతుక్కోదు. అంతా గీకేసి, కుళ్ళిన చెక్క తీసి మెరైన్ ప్లైవుడ్ వేయించి, అంచు పట్టీల కింద బ్యూటైల్ టేపు పరిచి మరలు బిగించాం. క్యాన్వాస్ చిరుగుల్ని టార్పాలిన్లు కుట్టే దర్జీ కుట్టి, కుట్ల మీద మైనం రుద్దాడు.

ఈ పనిలోనే రెండు సాక్ష్యాలూ వీగిపోయాయి. అల్యూమినియం రేకు ఎండకు సాగి, రాత్రి చల్లబడి కుదించుకుంటుంది. రెండు మీటర్ల రేకు 30 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. మర దగ్గర పట్టేసి ఒక్కసారిగా జారినప్పుడు 'టక్' మంటుంది. ఇక కప్పుని నిలబెట్టేవి గ్యాస్ నింపిన రాడ్లు. పాతబడి వాటిలో గ్యాస్ కొంత కారిపోయింది. పైగా 30 డిగ్రీల పగటి వేడి నుంచి 10 డిగ్రీల రాత్రి చలికి వస్తే గ్యాస్ పీడనం నూటికి ఏడు వంతుల దాకా పడిపోతుంది. అసలే బలం చాలని రాడ్డు, ఆ ఏడు వంతులు కూడా పోయేసరికి మెల్లగా వంగుతుంది. కొత్త రాడ్లు వేశాక కప్పు దిగలేదు.

మిగిలింది చావు. దాన్ని రేకుతోనూ రాడ్డుతోనూ వివరించలేం.

2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డుపక్కన ఆగిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్ కారణమని తేలింది. ఆ వార్త చదవగానే మా బండిలో బల్ల కింద పెట్టెలో దొరికిన తుప్పు పట్టిన కుంపటి గుర్తొచ్చింది. గాలి కంతల్లో కుక్కిన గోనె గుడ్డలు కూడా. జనవరి చలికి కప్పు దించి, కంతలు మూసి, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ఏమవుతుంది? కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి లేవాలని కూడా తెలియదు.

ఆ వాయువుని గుర్తించే అలారం ఒకటి తెప్పించాం. మైదానంలో బండి ఆపి, లోపల ఎవరూ లేకుండా కుంపటి రాజేసి, కప్పు దించి తలుపు మూసి, బయటి నుంచి అద్దంలో చూశాం. కాసేపటికే అలారం గోలపెట్టింది. బొగ్గులు లేకుండా అదే బండిని అంతసేపూ మూసి ఉంచితే కిక్కురుమనలేదు. చూడటానికి రేకుల పనివాణ్ణి కూడా పిలిచాం.

అయితే ఆడిట్‌లో పెరిగినవాణ్ని. ఇలా జరిగి ఉండవచ్చు అన్నది ఒకటి, ఇలాగే జరిగింది అన్నది ఇంకొకటి. రెండోదానికి వోచరు కావాలి. డ్రైవరు భార్య నింపురాలో ఉంటుందని తెలిసి వెళ్ళాం.

ఆ దయ్యం కింద నలుగుతున్న మనిషిని అక్కడ చూశాను. పెళ్ళయిన నాలుగేళ్ళకే మొగుణ్ణి మింగిందన్నారు. ఆమె పాదం మంచిది కాదని అత్తవారు ఇంట్లోంచి పంపేశారు. పేరంటాలకు పిలవరు. ఇప్పుడు కూతురు సంబంధాల దగ్గరా అదే మాట అడ్డం వస్తుందేమోనని ఆమె భయం. పోస్ట్‌మార్టం కాగితం అడిగితే ట్రంకు పెట్టె అడుగునుంచి తీసిచ్చింది. "నా కాడే ఉండాది బాబూ. ఇంగిలీసుల రాసినారు. ఏటున్నాదో ఎవులూ సెప్పనేదు" అంది.

అందులో స్పష్టంగా ఉంది: కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం. తొమ్మిదేళ్ళుగా ఆమె నిర్దోషిత్వం ఆమె పెట్టెలోనే ఉంది. చదివి చెప్పినవాడు లేడు. అత్తవారి వైపు చదువుకున్నవాళ్ళు లేకపోలేదు. కారణం దొరికిందనుకున్నవాడు ఇంక కాగితం అడగడు కదా! మూఢనమ్మకం చేసే అసలు నష్టం ఇదే.

ఆమె అడిగితే ఆ కాగితంలోని విషయాన్ని తెలుగులో రెండు ప్రతులు రాసిచ్చాను. ఒకటి అత్తవారికి పంపింది. "అంతా విధి" అని కబురొచ్చిందట. విధి అన్నారు, పాదం అనలేదు. కూతురు మాత్రం నా ఎదుటే రెండుసార్లు చదివి, ఫోనులో ఫోటో తీసుకుంది.

బండి సంగతి: గోడలకి పైనా కిందా మూతపడని గాలి కంతలు పెట్టించాం. అలారం తలగడ ఎత్తున బిగించాం. మంట ఏదైనా సరే బండి బయటే అని తలుపు మీద తెలుగులోనూ బెంగాలీలోనూ రాయించాం. కంతలున్నాయి కదా అని కుంపటి లోపల పెట్టకండి, ఏ బండిలోనూ, మూసిన ఏ గదిలోనూ. మా చెల్లెలు ఇంకా అందులో పడుకోదు. కానీ మనవలు దీఘా వెళ్ళేటప్పుడు "అలారం బ్యాటరీ చూశావురా?" అని కొడుకుని అడిగింది. నిమ్మకాయల సంగతి అడగలేదు.